కథ అయ్యాకే కుర్చీ

పోయిన నెల రాజమండ్రిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాయన, ఒకప్పుడు నేను ఉద్యోగం చేసిన ఊరి మనిషి. పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "మన కథల సెలూన్ ఆయన పోయాడండీ. పదోరోజు కూడా అయిపోయింది. పాపం, పుస్తకాల పిచ్చిలో పడి ఏమీ వెనకేసుకోలేదు" అన్నాడు.

పోయాడన్న మాట లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. ఈలోగా ఆ 'పాపం' అన్న మాట దిగింది. ఒళ్ళు మండిపోయింది. నేను ఎరిగిన మనుషుల్లో ఎవరి చేతా పాపం అనిపించుకోనక్కర్లేని మనిషి ఒక్కడున్నాడంటే అది ఆయనే. పెళ్ళివారిల్లు కాబట్టి అక్కడ ఊరుకున్నాను. కాగితం మీద ఊరుకోవలసిన పని లేదు.

ఆ ఊరు రావులపాలెం నుంచి ఆత్రేయపురం వెళ్ళే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. తొంభైల మొదట్లో అక్కడి మండలాఫీసులో గుమస్తాగా చేరాను. చేరిన మొదటి ఆదివారం క్షవరానికని బయల్దేరితే రోడ్డు మీద రెండు సెలూన్లు కనిపించాయి. ఒకదాంట్లో రేడియో మోగుతోంది, గోడ నిండా సినిమా తారలు. రెండోదాంట్లో చప్పుడే లేదు. బల్ల మీద అయిదుగురు మగాళ్ళు వరసగా తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరైనా పోతే మౌనం పాటిస్తున్నారేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే అందరి చేతుల్లోనూ పుస్తకాలు.

సెలూన్ ఆయనది సన్నటి ఒళ్ళు, పొడుగాటి చేతులు. కళ్ళజోడుకి ఒక కాడ ఊడిపోతే దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. నేనక్కడున్నన్నాళ్ళూ ఆ దారం మారింది గానీ కళ్ళజోడు మారలేదు.

నేనూ బల్ల చివర కూర్చుని, తోచక ఒక పుస్తకం తీశాను. అప్పటికి డిపార్టుమెంటు పరీక్షల గైడ్లు తప్ప నేను చదివేదేమీ లేదు. పుస్తకానికి పాత క్యాలెండరు కాగితం తిరగేసి అట్ట వేసి ఉంది. దాని పేరూ లేదు, రాసినవాళ్ళ పేరూ లేదు. మధ్యలో ఎక్కడో తెరిచాను. పెళ్ళైన అమ్మాయి ఒకతె పుట్టింటికి వచ్చి, తిరిగి అత్తారింటికి వెళ్ళడానికి రేవులో పడవ కోసం నిలబడి ఉంటుంది. పడవ వస్తుంది. ఎక్కాలో, వెనక్కి పోవాలో ఎంతకీ తేల్చుకోదు. నేనూ ఆమెతోపాటు రేవులో నిలబడి ఉండగా, కుర్చీలో గడ్డం చేయించుకుంటున్నాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. నా వంతు వచ్చింది. లేవబోయాను.

సెలూన్ ఆయన నా భుజం మీదుగా పేజీలోకి తొంగి చూశాడు. వేలితో రెండు కాగితాలు ఎత్తి చూశాడు.

"మీకింకా మూడు పేజీలున్నాయండి. కూచోండి. వెనకాయన రండి."

"ఫరవాలేదండీ, తర్వాత చదువుకుంటాను" అన్నాను.

"తర్వాతంటే అప్పటిదాకా ఆ అమ్మాయి రేవులో నిలబడే ఉండాలి కదండీ. ఎండగా ఉంది కూడాను."

హాస్యానికి అన్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు.

కథ అయ్యాకే కుర్చీ ఎక్కనిచ్చాడు. నురగ పట్టించి, కత్తి గొంతు మీద ఆనించి, నెమ్మదిగా అడిగాడు.

"ఎక్కిందంటారా?"

"ఎవరండీ?"

"ఆ అమ్మాయండి. పడవ ఎక్కిందంటారా?"

"కథలో చెప్పలేదండీ."

"చెప్పలేదని నాకూ తెలుసండి. మీకేమనిపించిందని."

గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషి అబద్ధం ఆడడు. "ఎక్కలేదనుకుంటాను" అన్నాను. కత్తి ఆగిపోయింది. "నేను మూడేళ్ళ నుంచీ ఎక్కిందనే అనుకుంటున్నానండి. ఎందుకెక్కలేదంటారు?" అని నిజంగా ఆశ్చర్యపోయాడు. నేను ఏదో చెప్పాను. ఆయన కాదన్నాడు. పటిక రుద్దేసరికి చెంపలు మండుతున్నాయి గానీ వాదన మాత్రం తెగలేదు. గదికి పోయి అన్నం వండుకుంటూ కూడా, ఆ అమ్మాయి చేతిలో సంచీ ఏ చేతి నుంచి ఏ చేతికి మార్చుకుందో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. చదివినది నా వెంట ఇంటికి రావడం అదే మొదటిసారి.

అద్దం కింద పౌడరు డబ్బాలు ఉండాల్సిన చెక్క అరలో ముప్పై నలభై పుస్తకాలుండేవి. అన్నీ కథల పుస్తకాలే. నవల ఒక్కటీ లేదు, వారపత్రిక అసలే లేదు. సెలూన్లకి మంగళవారం సెలవు. నెలకో మంగళవారం రాజమండ్రి బస్సెక్కి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికి తెచ్చుకునేవాడు. తెచ్చిన ప్రతిదానికీ ఆ తెల్ల అట్ట వేసేవాడు. పేరు రాయొచ్చు కదండీ అని ఒకసారి అడిగాను.

"పేరు కనుక్కుని మనిషిని ఎక్కడిదాకా రానివ్వాలో లెక్కేసే అలవాటు మనకెలాగూ ఉందండి. పుస్తకాలకైనా వద్దని" అన్నాడు. ఇళ్ళకు వెళ్ళి గడ్డాలు గీసేటప్పుడు, ఆయన్ని వీధి అరుగు దాటి లోపలికి రానివ్వని ఇళ్ళు ఆ ఊళ్ళో చాలానే ఉన్నాయి. ఆ మాట అని, కత్తెర అందుకున్నాడు.

పుస్తకం మొదటి కథ నుంచి మొదలుపెడితే ఒప్పుకునేవాడు కాదు. "మొదటిది కొట్టు ముందు వేలాడగట్టిన అరటిగెలండి. బాగానే ఉంటాది. లోపలికెళ్ళి చూడాలి" అనేవాడు. ఒక కూర్చోవడంలో రెండు కథలు చదివితే ఇంకా ఒప్పుకునేవాడు కాదు. రెండోది మొదలుపెట్టిన మనిషి చేతిలోంచి మర్యాదగా పుస్తకం తీసేసుకునేవాడు. "మొదటాయన ఇంకా గుమ్మం దాటలేదండి, రెండో ఆయన్ని పిలిచేస్తారేంటి?"

నవలలు ఎందుకు పెట్టరని బడిపంతులొకాయన దెప్పాడు. పెద్ద రచయితలంతా నవలలే రాశారట, కథలు చేయి తిరగడానికి రాసుకునేవట. సెలూన్ ఆయన పంతులుగారి గడ్డం గీస్తూనే జవాబు చెప్పాడు.

"ఒకే మనిషి పన్నెండు కథలు రాశాడనుకోండి. పన్నెండుసార్లు ఆ మనిషి మన కుర్చీలో కూచున్నట్టండి. ఒకసారి జొరంతో వస్తాడు, ఒకసారి పెళ్ళికెళ్తా వస్తాడు, ఒకసారి పెళ్ళాంతో దెబ్బలాడొస్తాడు. పన్నెండోసారికి ఆ మొహంలో ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మచ్చుందో నా చేతికి తెలిసిపోద్ది. నవలంటారా, చుట్టం వచ్చి నెల్లాళ్ళుండిపోయినట్టండి. మంచోడే అవ్వచ్చు. నాకు అంత వసారా లేదు."

పంతులుగారికి కోపం వచ్చింది గానీ నురగ మొహంతో ఎక్కడికి పోతాడు?

కొన్నాళ్ళకి ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చింది. ఎదుటి సెలూన్‌లో రేడియో తీసేసి టీవీ పెట్టారు. క్రికెట్ మ్యాచ్ రోజున అక్కడ రోడ్డు దాకా జనం. ఈయన బల్ల మీద ముగ్గురం. కుర్రాళ్ళు వచ్చి, "మీరూ ఒకటి పెట్టండి, మేం మీ దగ్గరికే వస్తాం" అని బతిమాలారు. "టీవీ చూసేవాడు తల అటూ ఇటూ తిప్పుతాడండి, చెవి తెగుద్ది. కథ చదివేవాడు తల వంచుతాడు. మెడ మీద పని నీటుగా వస్తాది" అన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ ఎదురుగా పోయారు. ఆయన వాళ్ళని పల్లెత్తు మాట అనలేదు. బతకనేర్చినవాడు కాడని ఊరు తీర్మానించుకుంది. నేను కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

ఇంతకీ ఆయన ఏ కథ చదివి మొదట ఇటు పడ్డాడో, ఎంతదాకా చదువుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు. ఆయన చెప్పనూ లేదు. నాకు బాగా తెలిసింది ఆ తర్వాత జరిగిన సంగతే.

ఒక మంగళవారం ఆయన తెచ్చిన పుస్తకాల్లో ఒక కథ ఉంది. అందులో ఒక పెద్ద ఆసామి, సంతరోజు ఊరంతా సంతకు పోయినప్పుడు కాలవ తూము పలక దించేసి, శివారు పొలాలకి పోవాల్సిన నీళ్ళు తన చేలోకి మళ్ళించుకుంటాడు. శివారు చేలు ఎండిపోతాయి. తగువు వస్తుంది. తీర్పు చెప్పేదీ ఆ ఆసామే. తూము కాసే లస్కరుదే తప్పని తేల్చి అతని పని ఊడగొడతాడు. చేలు ఎండినవాళ్ళు ఆసామికే దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. చివర్లో ఆసామి ఒక్కడే తూము దగ్గరికి పోయి, నీళ్ళకేసి చూస్తూ ఏడుస్తాడు. ఎందుకేడ్చాడో రాసినాయన చెప్పలేదు.

ఆ ఊళ్ళో రెండేళ్ళ కిందట దాళ్వాకి, అంటే వేసవి పంటకి, ఇంచుమించు ఇదే జరిగింది. చేసింది పంచాయతీ మాజీ ప్రెసిడెంటుగారు. కొబ్బరితోటలు, రైసుమిల్లు, రోడ్డు మీద వరసగా కొట్లు, అన్నీ ఆయనవే. సెలూన్ ఉన్న గది కూడా ఆయనదే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

కథ చదివినవాడు రెండోవాడి చేతిలో పెట్టేవాడు, కళ్ళతో మాత్రం ఏదో చెప్పేవాడు. నెల తిరిగేసరికి ఆ పుస్తకం ఎక్కడ తెరిచినా ఆ పేజీ దగ్గరే తెరుచుకునేది. టీ కొట్లో ప్రెసిడెంటుగారి మోటారుసైకిలు చప్పుడు వినిపిస్తే, "ఆసామి వస్తన్నాడ్రోయ్" అనుకోవడం మొదలైంది. ఎక్కడో ఎవరో రాసిన మాట, ఊళ్ళో ఇంతకాలం నోరు తిరగని మాటకి బదులొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున ప్రెసిడెంటుగారే సెలూన్‌కి వచ్చారు. అంతవరకూ ఆయనకి ఇంటి దగ్గరే గడ్డం. గుమ్మంలో నిలబడగానే బల్ల మీదున్న మేమంతా లేచి నిలబడ్డాం.

"ఏరా, నా మీద కథ పెట్టావంట?"

"తమరి మీద కాదండి బాబుగారు. ఆ పుస్తకం అచ్చయ్యి ఇరవయ్యేళ్ళు దాటిందండి. రాసినాయన మన ఊరు మొహం కూడా చూసుండడు."

"మరి జనం నన్నెందుకంటున్నారు?"

"అది జనాన్ని అడగాలండి."

ప్రెసిడెంటుగారి మెడ ఎర్రబడింది. "ఆ కథ చింపెయ్."

"చింపనండి."

అంత మెత్తగా, అంత తేటగా 'చింపనండి' అన్న మాట నేను మళ్ళీ వినలేదు. చివర ఉన్న 'అండి' ఎంత మర్యాదగా ఉందో, దాని ముందున్న మాట అంత గట్టిగా ఉంది.

"ఎవడి గదిలో నిలబడి మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తమరి గదేనండి. పుస్తకం నాది." ఆయన కత్తి పక్కన పెట్టి, ఆ పుస్తకం తీసి రెండు చేతులతో అందించాడు. "ఒక్కసారి చదవండి బాబుగారు. చదివాక చింపాలనిపిస్తే తమరి చేత్తోనే చింపండి. నేనేమీ అనను. చదవకుండా మాత్రం నేనియ్యను."

ప్రెసిడెంటుగారు పుస్తకం ముట్టుకోలేదు. ఒకటో తారీఖుకి గది ఖాళీ చెయ్యమన్నారు, ఇంటి గుమ్మం తొక్కొద్దన్నారు, ఇంకొన్ని అన్నారు. అన్నిటికీ "అలాగేనండి" అన్నాడాయన. ప్రెసిడెంటుగారు వెళ్ళేసరికి బల్ల ఖాళీ. అందరితోపాటు నేనూ, చదువుతున్న కథ బల్ల మీద బోర్లించి, బయటకి జారుకున్నాను.

సాయంత్రం సిగ్గు పడుతూనే వెళ్ళాను. ఆయన అద్దం తుడుస్తున్నాడు.

"ఒక్క కథే కదండీ. ఆరు పేజీలు. మిగతా పదకొండు కథలూ ఉంటాయిగా. చింపేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"చెవులు రెండున్నాయి కదా గుమస్తాగారూ, ఒకటి తీసెయ్యమంటారా?"

నాకు నవ్వు రాలేదు. ఆయన గుడ్డ పిండి ఆరేసి, నా వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళలో కథ మధ్యలో నేనెవర్నీ లేపలేదండి. ఇవాళ మీ అంతట మీరే లేచిపోయారు."

అంతే అన్నాడు. ఆ మాటతో నేను వెనక్కి వచ్చేశాను.

ఒకటో తారీఖున ఆయన కుర్చీ, అద్దం, పుస్తకాల ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని కాలవగట్టుకి మారాడు. నిద్రగన్నేరు చెట్టు మొదలుకి మేకు కొట్టి అద్దం తగిలించాడు. బల్ల లేదు. కొబ్బరి దుంగ ఒకటి దొర్లించి వేశాడు. ప్రెసిడెంటుగారికి భయపడి మొదటివారం ఒక్కరూ రాలేదు. ఆఫీసుకి పోతూ వంతెన మీంచి రోజూ చూసేవాణ్ణి. ఆయన తన కుర్చీలో తనే కూర్చుని, తల వంచుకుని చదువుకుంటూ ఉండేవాడు. గట్టు మీద పోయేవాళ్ళకి ఆ దృశ్యం జాలిగా ఉండేది కాదు, చిరాగ్గా ఉండేది. ఓడిపోయినవాడు ఓడిపోయినట్టు కనిపించకపోతే జనానికి కోపం వస్తుంది.

నేను మాత్రం టీవీ సెలూన్‌కి పోలేక, కాలవగట్టుకి పోయే ధైర్యం లేక గడ్డం పెంచాను. అయ్యప్ప దీక్ష పట్టారా అని ఆఫీసులో అడిగారు. పన్నెండో రోజున గట్టు దిగాను.

ఆయన తల ఎత్తి చూశాడు. "ఆయ్, రండి" అన్నాడు. ట్రంకుపెట్టెలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాడు. నేను ఆ ఆదివారం వదిలేసి పోయిన కథ దగ్గర కొబ్బరి ఈనె పెట్టి ఉంది. దుంగ మీద కూర్చుని మొత్తం చదివాను. ఆ తర్వాతే కుర్చీ.

ఒక చెంప అయింది, రెండో చెంపకి నురగ పట్టించాడు. అప్పుడు గట్టు మీదినుంచి ఒకావిడ దిగివచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నెత్తి మీద గడ్డిమోపు. వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. శివారు పొలాల వాళ్ళేనని చూడగానే తెలుస్తోంది. సెలూన్ దగ్గరికి ఆడవాళ్ళు రావడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. మోపు కింద పడేసి, నా వైపు చూడకుండా ఆయన్ని అడిగింది.

"ఏవండీ, ఆ నీళ్ళ కథ మీ దగ్గరే ఉందంట కదా. మా ఆయన చదివానంటాడు. చెప్పవయ్యా అంటే చెప్పలేడు. మీరు చదవండి, ఇంటాను."

ఆయన నా వైపు చూశాడు. "కొంచెం ఆగుతారా గుమస్తాగారూ?" అన్నాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకం తీశాడు. నిలబడే చదివాడు. నాటకంలా కాదు, గొంతు పెంచీ తగ్గించీ కాదు. ఎవరో రాసిన ఉత్తరం చదివి వినిపించినట్టు చదివాడు. గట్టు మీద పోతున్న లాకుల పనివాళ్ళు ఆగారు. అరటిగెలలు దించి తిరిగొస్తున్న సైకిలువాళ్ళు కాళ్ళు నేలకి ఆనించి నిలబడ్డారు. నా చెంప మీద నురగ ఎండి చర్మం లాగుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. నేను మూడుసార్లు చదివిన కథ అది. మా అందరికీ అందులో ఆసామి కనిపించాడు. వింటున్న ఆవిడకి ఏం కనిపిస్తోందో చూస్తూ ఉంటే, దణ్ణం పెట్టి వెళ్ళిపోయిన మనుషులు ఆ కథలో ఉన్నారన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

అయిపోయింది. 

"ఏడిస్తే ఏడ్చాడు. శివారుకి నీళ్ళొచ్చినియ్యా?" అంది ఆవిడ.

"రాలేదమ్మా."

"మరి రాసినాయన అక్కడ ఆపేశాడేంటి?"

"ఆయనకి తెలిసింది అంతేనేమోనమ్మా."

"మిగతాది మాకు తెలుసు" అంది. అప్పుడు నా వైపు తిరిగింది. "మీరు మండలాఫీసు బాబుగారు కదా? దాళ్వా నీళ్ళకి వంతు పెట్టమని అర్జీ రాసి పెడతారా?"

ఆఫీసులో నా చేతిరాత అందరికీ తెలుసు. ఎవరికి కోపం వస్తుందో, దాని ఫలితం ఏమిటో అదీ తెలుసు. సెలూన్ ఆయన నా వైపు చూడటం లేదు, బ్రష్ మళ్ళీ నీళ్ళలో ముంచుకుంటున్నాడు. ఒకసారి సగంలో లేచిపోయినవాణ్ణి. సగం గడ్డంతో కుర్చీలో కూర్చునే "రాస్తానమ్మా" అన్నాను.

రాశాను. శివారు వాళ్ళు అరవై మంది దాకా వేలిముద్రలు, సంతకాలు పెట్టి, ఆడా మగా కలిసి కాలవ ఆఫీసుకి వెళ్ళి పట్టపగలు వరండాలో కూర్చున్నారు. మూడో రోజున ఆఫీసరు దిగివచ్చాడు. తూము దగ్గర వంతుల బోర్డు పెట్టారు. ఆ దాళ్వాకి శివారు పండింది. మరుసటి ఏడు గాలివానకి బోర్డు పడిపోతే మళ్ళీ నిలబెట్టినవాళ్ళు లేరు. వాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టారని విన్నాను. ఈసారి ఆవిడ కూతురే రాసిందట. అందువల్ల కథ ఊరిని మార్చేసిందని నేను చెప్పను. ఊళ్ళు అంత తేలిగ్గా మారవు. ఒక్క పంటకి నీళ్ళొచ్చాయి. అది జరిగింది, ఎవరూ కాదనలేరు.

నాకు ఆరు నెలల్లో బదిలీ వచ్చింది, అన్నవరం అవతలికి. కాగితంలో 'పరిపాలనా సౌలభ్యం' అని ఉంది. చెప్పడానికి గట్టుకి వెళ్తే, ఆయన తెల్ల అట్ట పుస్తకాలు రెండు చేతిలో పెట్టి, "రోజుకొకటేనండి" అని హెచ్చరించాడు.

అప్పటినుంచీ నా సంచీలో కథల పుస్తకం లేని రోజు లేదు. ఇన్నేళ్ళుగా దీనికి ఎన్ని మాటలు పడ్డానో. పెద్ద పుస్తకాలు చదివే ఓపిక లేనివాళ్ళు కథలు చదువుతారన్నారు. ప్రమోషన్ పరీక్షలకి చదువుకోవచ్చు కదా అన్నారు. ఇప్పుడవి ఎవరు కొంటున్నారండీ అని పుస్తకాల షాపాయనే అన్నాడు. అననివ్వండి. బస్సు కదిలేలోపు ఒక మనిషి బతుకులోకి వెళ్ళి, దిగేలోపు బయటికి రావాలనుకుని రాలేక, టిక్కెట్టు తీసుకున్న స్టాపు దాటిపోయినవాణ్ణి నేను. పదిహేను పేజీల్లో అంత దూరం తీసుకుపోయే బండి ఇంకోటి ఉంటే చూపించమనండి.

ఆయన్ని ఆఖరిసారి చూసింది రెండువేల మూడులోనో నాలుగులోనో. గట్టు మీద అదే చోటు. దుంగ పోయి, కాలవకి వేసే సిమెంటు గొట్టాల్లాంటి తూరలు రెండు వేశాడు. వాటి మీద నలుగురు చదువుకుంటున్నారు. ఒకడి జేబులో సెల్ ఫోన్ మోగుతోంది, వాడు పట్టించుకోవడం లేదు. నా మూడు పేజీలు అయ్యేదాకా నన్నూ ఆపాడు. కుర్చీలో కూర్చున్నాక ఊరి సంగతులు అడిగాను. ప్రెసిడెంటుగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందని, గడ్డానికి తననే పిలిపించుకుంటున్నారని చెప్పాడు.

"వెళ్తున్నారా?"

"ఆయ్. గడ్డానికి రమ్మంటే రానని ఎలాగంటామండి. లోపలి గదిలో మంచం దగ్గరికే వెళ్తన్నాను, ఇప్పుడు అరుగు మీద కాదు."

"ఆ కథ మాట ఎత్తారా ఎప్పుడైనా?"

కత్తెర కాసేపు గాలిలో ఆడించాడు. "ఒకరోజు ఆయనే అడిగాడండి, పుస్తకం ఉందా అని. ఇచ్చొచ్చాను. వారం పోయాక వెళ్తే దిండు పక్కన ఉంది. 'చదివాన్రా. వాడు నేను కాదు' అన్నాడు. 'కాదండి బాబుగారు' అన్నాను. గోడకేసి చూస్తా, 'వాడు కనీసం ఏడ్చాడు' అన్నాడండి."

"మీరేమన్నారు?"

"ఏమంటానండి. గడ్డం గీస్తన్నాను. కళ్ళలో నీళ్ళొస్తే తుడిచాను."

కాలవలో గుర్రపుడెక్క గుంపులుగా కొట్టుకుపోతోంది. "పుస్తకం?" అన్నాను.

"ఇచ్చేశాడండి. ఒక్క కాగితం పోలేదు. వస్తుంటే వెనక్కి పిలిచి, 'నీ గది ఖాళీగానే ఉంది, తాళం తీసుకుపో' అన్నాడు."

నేను కుర్చీలో వెనక్కి తిరిగి చూశాను. వర్షాకాలం వస్తే ఈ గట్టు మీద ఆయన పడే అవస్థ నాకు తెలుసు. పైన గొడుగు కట్టుకోవాలి, ట్రంకుపెట్టె మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకోవాలి, అయినా పుస్తకాలు చెమ్మగిల్లుతాయి.

"మరి తీసుకోలేదా?"

"వద్దన్నానండి."

"అదేంటండీ, ఎందుకు?"

ఆయన నా తల పట్టుకుని మళ్ళీ అద్దం వైపు తిప్పాడు.

"ఇక్కడ వెలుతురు బాగుంటాదండి, చదువుకోడానికి."